అందరికీ ఒకే కొలతా?

కాలు ఈడ్చుకుంటూ నడిచే పిల్లవాణ్ణి బంతి వెనుక పరుగెత్తించడం దయా, కాఠిన్యమా? "పాపం, వాణ్ణి కూర్చోనివ్వండి" అనేవారే మనలో ఎక్కువ. ఆ మాటలో జాలి ఉన్నది. కాని గౌరవం ఉన్నదా?

సెరిబ్రల్ పాల్సీ అంటే పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో మెదడుకు కలిగిన హానివల్ల వచ్చే కదలికల లోపం. అది అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదొకటి.

ఈ లోపం ఉన్నవారికంటూ ఒక ఫుట్‌బాల్ ఉన్నది. జట్టుకు ఏడుగురు, 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఆఫ్‌సైడ్ లేదు. గీత దాటిన బంతిని ఒంటిచేత్తో దొర్లించి ఆటలోకి పంపవచ్చు. 1984 నుండి 2016 వరకు పారాలింపిక్స్‌లో ఈ ఆట ఆడారు. టోక్యో క్రీడల నుండి దానిని తొలగించినా ఆట ఆగలేదు. లోపం తీవ్రతను బట్టి ఆటగాళ్లను మూడు తరగతులు చేస్తారు. అందరికంటే ఎక్కువ లోపం ఉన్న తరగతి నుండి ఒక్కరైనా ఎప్పుడూ మైదానంలో ఉండాలన్నది నియమం. అంటే బలహీనుడు జట్టుకు బరువు కాదు, అతడు లేనిదే జట్టు నిండదు. శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరమని పునీత పౌలు కొరింతీయులకు బోధించింది ఇదే గదా!

మరి శిక్షణ మాటేమిటి? బిగుసుకుపోయే కండరాలతో పరుగెత్తేవాడికి అదే దూరానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. త్వరగా అలసిపోతాడు. చటుక్కున మలుపు తిరగడం కష్టం. అందుచేత అందరిచేతా పది చుట్లు తిరిగించడం న్యాయం కాదు. ఏమీ అడగకుండా గట్టున కూర్చోబెట్టడమూ న్యాయం కాదు. వైద్యుని సలహాతో అతని శక్తికి తగినంత అడగాలి, తగినంత విశ్రాంతి ఇవ్వాలి.

ఈ కొలత మన నూజివీడు మామిడి రైతుకు కొత్త కాదు. కాపుకొచ్చిన చెట్టుకు పూతకు ముందు నీరు ఆపుతాడు, పిందె నిలిచాక మళ్లీ పెడతాడు. నిన్న నాటిన అంటుకు మాత్రం ఎండల్లో నీరు తప్పనివ్వడు. తోట ఒకటే, ప్రేమ ఒకటే, కొలత వేరు.

దేవాలయపు కానుకల పెట్టెలో పేద వితంతువు వేసినవి రెండే కాసులు. అందరికంటే ఎక్కువ వేసింది ఆమేనన్నారు క్రీస్తు ప్రభువు. ఆయన ఇచ్చినదాన్ని కాదు, అందుకైన కష్టాన్ని లెక్కించారు. ఆమె పేదదని ఆమె కానుకను వద్దనలేదు కూడా. రెండు చుట్లతో ఆయాసపడే బిడ్డ కానుక అటువంటిది కాదా?

ప్రియ పాఠకులారా, రాబోయే విచారణ పండుగ ఆటలపోటీలలో అటువంటి బిడ్డకు చప్పట్లు కొట్టే పని ఒక్కటే ఇవ్వకండి. బంతి కూడా ఇవ్వండి.