అమ్మకూడని పాలు

రాజస్థాన్‌లో ఒంటెలు మేపే రైకాలకు తరతరాలుగా ఒక కట్టుబాటు ఉంది. ఒంటెపాలు అమ్మకూడదు. అమ్మితే కన్నబిడ్డను అమ్ముకున్నట్టేనని పెద్దలంటారు. గడపకు వచ్చినవాళ్లకు పోయవచ్చు, డబ్బు మాత్రం పుచ్చుకోకూడదు. ఒంటెను కోతకు అమ్మడం మహాపాపం.

దీని వెనక ఒక పుట్టుక కథ ఉంది. పార్వతి మట్టితో వింత జంతువును చేసి, ప్రాణం పొయ్యమని శివుణ్ణి అడిగిందట. లేచిన ఒంటె అల్లరి పట్టలేక, దాన్ని కాయడానికి శివుడు తన చెమట నుంచి తొలి రైకాను పుట్టించాడట. అంటే ఒంటె మనిషి కోసం పుట్టలేదు, మనిషే ఒంటె కోసం పుట్టాడు. పశువును మనిషి సొత్తుగా చూసే లెక్కలేవీ ఈ కథలో ఇమడవు.

పాలు అమ్మకపోయినా ఇల్లు గడిచింది, ఎందుకంటే బండి లాగే మగ ఒంటెలకు పుష్కర్ సంతలో మంచి ధర పలికేది. ట్రాక్టర్లు, లారీలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. కుంభల్‌గఢ్ అభయారణ్యంలో మేతకు అడ్డంకులు వచ్చాయి. 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో చట్టంతో దాని వధను నిషేధించి, రాష్ట్రం దాటించడంపై ఆంక్షలు పెట్టారు. కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, కానీ కొనేవాళ్లు ఇంకా తగ్గారు. 2012 పశుగణనలో రాజస్థాన్‌లో 3.26 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి 2.13 లక్షలయ్యాయి.

పాలీ జిల్లా సాద్రీలో 1996లో మొదలైన లోక్‌హిత్ పశుపాలక్ సంస్థాన్ ఈ కుటుంబాల మధ్యే పనిచేస్తోంది. ఒంటెల జబ్బులకు వైద్యంతో పాటు మేత హక్కుల కోసమూ పాటుపడింది. ఇలాంటి సంస్థ వెంట మందకు వెళ్లేవాళ్లకు తొలి మర్యాద దొన్నెలో పోసిన పాలే. సాయం చేయడానికి వచ్చినవాళ్లే ముందుగా చెయ్యి చాపుతారు. దాత ఎవరో, గ్రహీత ఎవరో అక్కడ తేల్చడం కష్టం.

ఆ చెయ్యి చాపినవాళ్లే 'పాలు అమ్మండి, మంద నిలుస్తుంది' అని సలహా ఇవ్వవచ్చా? వ్రతం చెడితే ఒంటె వట్టి సరుకవుతుందని కొందరి భయం. మందే లేకపోతే వ్రతం దేనికని మరికొందరి ప్రశ్న. రెండూ భక్తిలోంచే వచ్చిన మాటలు. రెండో వాదంలోనే ఎక్కువ బలం కనిపిస్తుంది, ఎందుకంటే కథలో శివుడు రైకాకు అప్పగించింది పాలను కాదు, ఒంటెను. పిల్లకు రెండు చన్నులు వదిలి మిగిలినవే పితికే అలవాటు సాగినంత కాలం ఆ అప్పగింత చెల్లుతున్నట్టే. అయినా ఆ తీర్పు చెప్పవలసింది కాపరులే, బయటివాళ్లు కాదు.

2016లో ఒంటెపాలకు ఆహార ప్రమాణాలు వచ్చాయి. కొన్ని కుటుంబాలు పాలు అమ్ముతున్నాయి. మేత సంగతి వేరు. సంచార పశుపాలకుల కాలానుగుణ మేతను 2006 అటవీ హక్కుల చట్టం హక్కుగా గుర్తించింది. అది అడవి అంచున మంద దాకా చేరడమే మిగిలింది.