గురుగులు పెరికినవారు

పాఠము: మత్తయి 13:24-30, 36-43



ఈ ఉపమానములోని దాసులు చెడ్డవారు కారు. యజమానుని పొలమునుగూర్చి వారికి చింత కలదు. గురుగులు కనబడగానే వచ్చి, వాటిని పెరికివేయుదుమా అని అడిగిరి. వరిచేలో ఊద కనబడిన మన రైతును అదే అడుగును. యజమానుడు వద్దనెను. గురుగులు మంచివని కాదు, గోధుమలు కూడ వాటితో పెల్లగింపబడునని. పొలమనగా లోకమని ప్రభువే విప్పి చెప్పెను.

యజమానుని అడుగకయే చేనిలోనికి దిగిన దినమొకటి మన ప్రొటెస్టెంటు చరిత్రలో కలదు. అది 1553 అక్టోబరు 27. స్థలము జెనీవా పట్టణమునకు వెలుపలనున్న షాంపెల్.

మైకేల్ సెర్వీటస్ స్పెయిను దేశస్థుడు, వైద్యుడు. గుండె కుడి భాగమునుండి రక్తము ఊపిరితిత్తుల గుండా ఎడమ భాగమునకు చేరునని ఐరోపాలో మొదట అచ్చు వేయించినవాడు ఇతడే. అయితే 1531లోనే త్రిత్వ సిద్ధాంతమును ఖండించుచు ఒక పుస్తకము ప్రకటించెను. శిశు బాప్తిస్మమును నిరాకరించెను. అతని బోధను మన సంఘము అంగీకరింపదు, నేనును అంగీకరింపను. ఫ్రాన్సులోని వియెన్ పట్టణమున మారుపేరుతో వైద్యము చేసికొనుచుండగా రోమను కథోలిక విచారణాధికారులు అతని పట్టుకొనిరి. వారికి సాక్ష్యముగా అందిన ఉత్తరములు జెనీవానుండి, కాల్విను వద్దనుండి పోయినవే. ఇది చదువునప్పుడు మనస్సు చివుక్కుమనును. ఫ్రాన్సులో మన విశ్వాసులను కాల్చుచున్న చేతులకే ఆ ఉత్తరములు చేరినవి! సెర్వీటస్ చెరసాలనుండి తప్పించుకొనిపోగా, వారు అతని బొమ్మను తగులబెట్టి తృప్తిపడిరి. తరువాత ఆగస్టు 13న, ఆదివారమున, జెనీవాలో ఆరాధనకు వచ్చియుండగా అతని గుర్తుపట్టి బంధించిరి.

తీర్పు చెప్పినది పట్టణ పరిపాలక సభ, కాల్విను కాదు. ఇతర స్విస్ సంఘములను సలహా అడుగగా అవియు సెర్వీటస్ దోషియేననెను. కాల్చవద్దు, ఖడ్గముతో తల తీయుడని కాల్విను కోరెను, సభ వినలేదు. ఇదంతయు నిజమే. అయినను నేరము మోపించినవాడు, అతడు మరణమునకు పాత్రుడని నమ్మినవాడు కాల్వినే. మరుసటి యేట దానిని సమర్థించుచు గ్రంథమే వ్రాసెను. మృదుస్వభావియని పేరుపొందిన మెలాంక్తన్ సహితము ఆ పనిని మెచ్చుకొనెను.

మంటలలో సెర్వీటస్ యేసు నామమునే ఎత్తి మొఱపెట్టెను. నిత్యుడగు దేవుని కుమారుడా అనెనే గాని, దేవుని నిత్య కుమారుడా అనలేదని చెప్పుదురు. ప్రాణము పోవుచున్నను ఆ ఒక్క మాటను చోటు మార్చలేదు. మొండివాడే, కాని వేషధారి కాడు.

ఇట్టి సంగతులు ఎత్తినప్పుడు, ఆ కాలమే అట్టిదని మనవారందురు. 1903లో కాల్విను అనుచరులే షాంపెల్‌లో పరిహారార్థముగా ఒక స్మారక శిలను నిలిపిరి. మెచ్చదగిన పని. అయితే ఆ తప్పు కాల్విను కాలపు తప్పని దానిమీద చెక్కించిరి. ఇక్కడ నేను వారితో ఏకీభవింపజాలను. ఏలయనగా సెబాస్టియన్ కాస్టెల్లియో ఆ కాలమువాడే.

ఇతడు కాల్వినునొద్ద జెనీవా పాఠశాలకు పెద్దగా నుండి, అభిప్రాయ భేదము వలన బాసెల్ పట్టణమునకు వెళ్లిపోయెను. అచ్చట పేదరికమున రైను నదిలో కొట్టుకొనివచ్చు కట్టెలను సహితము పట్టుకొనుచు సంసారము గడిపెను. బైబిలును లాటినులోనికి, ఫ్రెంచిలోనికి తర్జుమా చేసినవాడు. సెర్వీటస్ మరణమైన కొద్ది నెలలకు, 1554లో, మతభేదమునకై ప్రాణము తీయరాదని మారుపేరుతో ఒక పుస్తకము వెలువరించెను. అందులో సంఘ పితరుల మాటలు చేర్చెను, లూథరు మాటలు చేర్చెను, యౌవనమందు కాల్వినే వ్రాసిన మాటలు సహితము చేర్చెను! పిమ్మట కాల్విను గ్రంథమునకు జవాబు వ్రాయుచు, మనుష్యుని చంపుటవలన ఒక ప్రాణము పోవునే గాని సత్యమునకు కలుగు రక్షణ యేదియు లేదని వాదించెను. ఆ జవాబు అతని జీవితకాలమున అచ్చు కాలేదు. అతడు 1563లో చనిపోయెను. అది 1612లో వెలువడెను.

కాస్టెల్లియో యొద్ద వేరొక బైబిలు లేదు. మత్తయి 13వ అధ్యాయము ఇద్దరి బల్లలమీదను ఉండెను.

తప్పుబోధను ఖండింపవద్దని నేను చెప్పుట లేదు. ఒకటి రెండు మారులు బుద్ధి చెప్పి విడిచిపెట్టుమని పౌలు తీతుకు వ్రాసెను (3:10). విడిచిపెట్టుమనెను, వెంబడింపుమనలేదు. నేడు మన సంఘములలో కట్టెలు పేర్చువారు లేరు. అయితే వేరొక బోధకు వెళ్లిపోయిన కుటుంబములో ఎవరైన మరణించినప్పుడు మన సమాధుల తోట గేటు తీయుటకు మనము లేచుదుమా? ఈ నెల సంఘ కమిటీ కూడుకొనునప్పుడు ఇది మన మధ్య మాటలాడుకొనవలెను.

సమరయ గ్రామము తమను చేర్చుకొననందున యాకోబు యోహానులు ఆకాశమునుండి అగ్ని దిగవలెనని కోరిరి (లూకా 9:51-56). వారును ప్రభువు ఘనతకొరకే కోరిరి. ఆయన వారి తట్టు తిరిగి గద్దించెను. తరువాత అందరును లేచి వేరొక గ్రామమునకు నడిచిపోయిరి.