మొక్కు లేని యాత్ర

హైదరాబాద్ నుంచి వరంగల్ దారి పట్టిన టెంపోలో గ్యాస్ పొయ్యి, బియ్యం సంచి, చాపలు, నీళ్ల డబ్బాలు ఉంటాయి. నీడ దొరికిన చోట వంట, ఏ సత్రంలోనో పడక. జనగామ మీదుగా పాలకుర్తి, అటు డోర్నకల్, ఆపైన భూపాలపల్లి అడవి దాటి కాళేశ్వరం. ఏం మొక్కుందని దారిలో ఎవరైనా అడిగితే, ఉన్నవాళ్లు గట్టిగా చెబుతారు. లేనివాళ్లు మాత్రం “ఊరికే చూసిపోదామని వచ్చినం” అంటూ గొంతు తగ్గిస్తారు. ఎందుకు తగ్గించాలి? దేవుడి గుడికి చూడటానికి వచ్చినవాడు మొక్కడానికి వచ్చినవాడి కంటే తక్కువా?

జనగామ జిల్లా పాలకుర్తి సోమనాథుడి ఊరు. శివుడు తప్ప మరో దైవాన్ని ఒప్పుకోని వీరశైవ కవి ఆయన. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం వెళ్లే జనాన్ని వర్ణించాడు. అందులో లింగంతోపాటు పాటలున్నాయి, ఆటలున్నాయి, బొమ్మలాటలున్నాయి. తెలుగు జానపద కళల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆ పుటలే తిరగేస్తారు. అంత పట్టుదల గల భక్తుడికి చుట్టూ చూడటం భక్తికి అడ్డనిపించలేదు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యదీ ఇదే తీరు. పల్లకీలు, డేరాలు, పెద్ద పరివారం. ఒక ఇల్లే కదిలినట్టు సాగిన ప్రయాణం. తీర్థవిధులన్నీ నిష్ఠగా జరిపిన ఆయనే మజిలీల మధ్య దూరాలు, దారుల బాగోగులు, ఊళ్ల తీరు ఓపికగా రాసుకున్నాడు. ఆ రాతలే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి.

భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్లకు వెళితే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. కాకతీయ గణపతిదేవుడి కాలపు కట్టడం అది. నడుమ గణపేశ్వరాలయం, చుట్టూ ప్రాకారం లోపల వరుసగా చిన్న గుళ్లు. వాటిలో చాలావరకు ఒరిగిపోయాయి. దండం పెట్టి బొట్టు పెట్టుకుని వెనుదిరిగే మనిషికి ఆ చిన్న గుళ్లతో పనిలేదు. చూడటానికి వచ్చినవాడు ఒక్కో గుడి దగ్గరా ఆగుతాడు. చూరు కింది మదనిక నడుము వంపు, ఏనుగు మీది గజకేసరి, విరిగిన స్తంభం మీద మిగిలిన సన్నని చెక్కడం అతని కంట పడతాయి. పేరు కూడా మిగలని ఆ శిల్పులకు దక్కాల్సిన గౌరవం ఆ నిదానమైన చూపులోనే ఉంది. మరోవైపు, భక్తి పేరుతోనే ఎన్నో పాత గుళ్ల రాళ్ల మీద సున్నం, రంగులు పడ్డాయి. చెక్కడం పూడిపోయింది. ఆ రంగులు వేసినవాళ్లది చెడ్డ మనసు కాదు. వాళ్లు మొక్కారు, చూడలేదు.

అలాగని ప్రతిచోటా చూసే హక్కు ఉండదు. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: కాళేశ్వరుడైన యముడు, ముక్తేశ్వరుడైన శివుడు. ముందు యముడికి, తర్వాత శివుడికి పూజ. గోదావరి, ప్రాణహిత కలిసే ఆ ఒడ్డున పోయినవాళ్లకు పిండాలు పెట్టే కుటుంబాలుంటాయి. 2025 మేలో సరస్వతి పుష్కరాలకు వచ్చిన జనంలోనూ అలాంటివాళ్లు ఎందరో. ఒకరి దుఃఖం మరొకరికి దృశ్యం కాకూడదు. అక్కడ ఫోన్ జేబులోకి వెళ్లాలి.

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో మాత్రం చూపే దారి. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా 1912లో అభిషిక్తుడైన అజరయ్య అక్కడ ఎపిఫనీ కెథడ్రల్ కట్టించాడు. 1939లో దాన్ని ప్రతిష్ఠించారు. గుడినీ మసీదునూ గుర్తుచేసే స్తంభాలు, గుమ్మటాలు ఆ చర్చిలో ఉన్నాయి. క్రీస్తు ఈ నేలకు పరాయివాడిగా కనిపించకూడదన్నది ఆయన తపన. ఇంకో మతం మనిషి అక్కడ తన మంత్రం చదవలేడు, వాళ్ల ప్రార్థన తనదని చెప్పుకోలేడు. తల ఎత్తి శ్రద్ధగా చూడగలడు. పరాయి దేవుడికి ఇవ్వగలిగిన మర్యాద అంతకంటే ఏముంది?

కాబట్టి మొక్కు లేకపోయినా బండి కట్టండి. గణపురంలో ఒక పూట పూర్తిగా ఉండండి. మీ ఊళ్లో పాతగుడికి రంగులు వేయించాలని కమిటీ తీర్మానిస్తే, పని మొదలుకాకముందే పురావస్తు శాఖను అడగమని చెప్పండి.