సుగ్రీవుడు చెయ్యి చాపాడు, మరి మనం?



ఆఫీసు పని కోసం ఈ మధ్య కొంచెం చైనీస్ నేర్చుకుంటున్నాను. 'పెంగ్‌యౌ' అంటే స్నేహితుడు, 'యౌఈ' అంటే స్నేహం. రెండింట్లోనూ ఉన్న 'యౌ' అక్షరాన్ని పాతకాలంలో ఎలా రాసేవారో తెలుసా? పక్కపక్కన రెండు చేతులు. రెండూ కుడిచేతులే, అంటే ఇద్దరు మనుషులవి.

అది చూడగానే నాకు కిష్కింధకాండ గుర్తొచ్చింది. వాలి భయంతో ఋశ్యమూకం మీద తలదాచుకున్న సుగ్రీవుడు, సీతమ్మను వెతుక్కుంటూ వచ్చిన రామయ్య. ఇద్దరూ పోగొట్టుకున్నవాళ్లే. నా స్నేహం ఇష్టమైతే పట్టుకోమని సుగ్రీవుడు చెయ్యి చాపాడు. రాముడు పట్టుకున్నాడు. హనుమంతుడు నిప్పు రాజేస్తే ఇద్దరూ ఆ అగ్నికి ప్రదక్షిణ చేశారు.

మనం ఇక్కడిదాకా చెప్పుకుని ఆపేస్తాం. అసలు పరీక్ష తర్వాత ఉంది. వాలి పోయాడు, రాజ్యం వచ్చింది, వానాకాలం వెళ్లిపోయింది. సుగ్రీవుడు మాత్రం భోగాల్లో మునిగిపోయాడు. చెయ్యి పట్టుకున్నవాడు కొండగుహలో ఎదురుచూస్తున్నాడు.

ఆ సుగ్రీవుణ్ణి నేనే. ఇంజినీరింగ్ అయ్యాక అశోక్‌నగర్‌లో ఒకే రూమ్‌లో నేనూ, నా ఫ్రెండూ ఉండేవాళ్లం. నావి జాబ్ ట్రయల్స్, వాడిది గ్రూప్స్ ప్రిపరేషన్. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో నాకు కూడా సీటు ఆపేవాడు. ఆరు నెలలు నా వంతు రెంట్ వాడే కట్టాడు. నాకు జాబొచ్చింది, గచ్చిబౌలి వెళ్లిపోయాను. తర్వాత వాడు ఎప్పుడు మెసేజ్ పెట్టినా "బిజీ రా, వీకెండ్ కలుద్దాం" అన్నాను. అలా రెండేళ్లు గడిచాయి.

హనుమంతుడు గుర్తుచేసి, లక్ష్మణస్వామి కోపంతో వస్తే గాని సుగ్రీవుడు రాముడి దగ్గరికి వెళ్లలేదు. వెళ్లి పాదాల మీద పడితే రాముడు లేపి గుండెలకు హత్తుకున్నాడు. సుగ్రీవుడు కూడా సారీతో ఆగలేదు, సీతమ్మ కోసం నాలుగు దిక్కులకూ వానరుల్ని పంపాడు.

మొన్న ఆదివారం వాణ్ణి నారాయణగూడలో కలిశాను. చాలా చిక్కిపోయాడు. ఈ అటెంప్ట్ అయ్యేదాకా రూమ్ రెంట్ నాదని చెప్పాను. వాడు ఏమీ అనలేదు. ఛాయ్ డబ్బులు మాత్రం ఈసారి కూడా వాడే ఇచ్చాడు.

ఇది చదవడం అయ్యాక, మీరు 'వీకెండ్' అని చెప్పి వదిలేసిన ఆ ఒక్కరికి ఫోన్ చేయండి. రాములవారు ఆగారు. మన ఫ్రెండ్ కూడా ఆగుతాడని గ్యారంటీ లేదు.

జై శ్రీరామ్!