నుదుటి రాత, పురిటి వెచ్చదనం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ దక్కకపోతే తెలుగు ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ‘ఆ బిడ్డకు ఇంతే రాసిపెట్టి ఉంది’. ఓదార్పుగా దానికి సాటి లేదు. కానీ ఆ మాట వెనుక ఒక సిద్ధాంతం కూడా ఉంది. ఆయుష్షు పుట్టుకతోనే తేలిపోతుందని, మనిషి చేతలు దాన్ని మార్చలేవని ఆ సిద్ధాంతం చెబుతుంది. కిలోన్నర బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెను తక్కువ ఖర్చుతో తయారు చేయడం పైకి ఇంజనీరింగ్ పనిలా కనిపిస్తుంది. లోతుగా చూస్తే అది ఈ సిద్ధాంతాన్ని ప్రశ్నించే పని.

ఈ ప్రశ్న కొత్తది కాదు. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు తన గురువు ఆత్రేయుణ్ని ఇదే అడుగుతాడు: ఆయుష్షు నియతమా, అనియతమా? దైవం, పురుషకారం రెండింటి మీదా ఆయుష్షు ఆధారపడుతుందని గురువు జవాబు. దైవమంటే వెనుకటి జన్మలో చేసుకున్న కర్మ, పురుషకారమంటే ఈ జన్మలో చేసేది. అంతా ముందే నిర్ణయమైపోతే మందులెందుకు, జాగ్రత్తలెందుకు అన్నది అక్కడి తర్కం. కాలమరణానికీ అకాలమరణానికీ ఉన్న తేడాను ఆత్రేయుడు బండి ఇరుసుతో పోలుస్తాడు. మంచి ఇరుసు అరిగి అరిగి తన కాలానికి పోతుంది. అదే ఇరుసు మోయలేని బరువు వేసినా, దారి గతుకులైనా, కందెన లేకపోయినా నడిమధ్యలో విరుగుతుంది. అలా విరిగినదాన్ని ‘కాలం తీరింది’ అనడం కుదరదు.

అయితే ఒక్క రోజు బిడ్డ విషయంలో ఈ జవాబులో ఒక చిక్కు వస్తుంది. ఆ బిడ్డకు సొంత పురుషకారం లేదు. శ్రీవైష్ణవంలో శరణాగతి గురించి జరిగిన పాత వాదం ఇక్కడ పనికొస్తుంది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుని వేలాడుతుంది, పిల్లికూనను తల్లే నోట కరచుకుని మోస్తుంది. జీవుడి పూనిక కొంతైనా కావాలని మర్కట కిశోర న్యాయం చెప్పే వడగలై వారు, భారమంతా భగవంతుడిదేనని మార్జాల కిశోర న్యాయం చెప్పే తెంగలై వారు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. పెద్ద మనుషుల సంగతి ఎలా ఉన్నా, నెలలు నిండని బిడ్డ మాత్రం పిల్లికూనే. సుమారు 34 వారాల గర్భకాలం నిండేదాకా చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడింటినీ ఒక వరుసలో చేయడం కూడా దానికి చేతకాదు. కాబట్టి ఆ బిడ్డ ఆయుష్షులో పురుషకారం వాటా మొత్తం చుట్టూ ఉన్నవారిది.

మహాభారతంలోని పరీక్షిత్తు జననఘట్టం కూడా ఇదే వైపు చూపిస్తుంది. అశ్వత్థామ అస్త్రానికి గురై చలనం లేకుండా పుట్టిన శిశువును శ్రీకృష్ణుడు బతికించాడన్నది అందరికీ గుర్తుంటుంది. అశ్వమేధ పర్వంలోని పురిటి గది వర్ణన తక్కువమందికి గుర్తుంటుంది. అక్కడ నిండు నీళ్ల కుండలున్నాయి, నెయ్యి ఉంది, ఆవాలున్నాయి, నాలుగు వైపులా నిప్పు ఉంది. కనిపెట్టుకుని చూసే పెద్ద వయసు స్త్రీలున్నారు, నేర్పరులైన వైద్యులున్నారు. దైవం వచ్చేసరికి మనుషులు చేయవలసిన ఏర్పాటంతా సిద్ధంగా ఉంది. ఆ ఏర్పాటును చూసి కృష్ణుడు మెచ్చుకుంటాడు కూడా.

ఆ నిప్పు ఎందుకో ఇప్పుడు కొలతలతో తెలుసు. పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 23 డిగ్రీల గదిలో బట్ట కప్పని పసికందు కోల్పోయే వేడి, సున్నా డిగ్రీల చలిలో ఒంటి మీద నూలుపోగు లేని పెద్దమనిషి కోల్పోయే వేడితో సమానమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందుకే ఎండలు మండే ఓరుగల్లులోనూ ప్రసవ గదిలో తిరిగే ఫ్యాను బిడ్డను చల్లబరచగలదు. నెలలు నిండని బిడ్డకు బరువుతో పోలిస్తే చర్మవైశాల్యం ఎక్కువ, చర్మం పలచన, వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు తక్కువ. ఉమ్మనీటి తడి ఆవిరై కొంత, గాలి తగిలి కొంత, చల్లని తూకం పళ్లెం తాకి కొంత, పక్కనున్న చల్లని గోడకు వికిరణమై కొంత వేడి పోతుంది. చల్లబడిన బిడ్డ ఉన్న కాస్త చక్కెరనూ ఆక్సిజన్‌నూ వేడి కోసమే ఖర్చు చేసుకుని, పాలు తాగే ఓపిక లేక నీరసిస్తుంది. ఆరో రోజు రాత్రి విధాత వచ్చి నొసట రాస్తాడని దేశంలో చాలాచోట్ల నమ్మకం. పుట్టిన నెలలోపు జరిగే శిశుమరణాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే, అందులోనూ ఎక్కువ తొలి రోజునే జరుగుతాయి. అంటే చాలామంది బిడ్డల విషయంలో విధాత చేయి పడేలోపే మనుషుల చేయి పడిందో లేదో తేలిపోతుంది.

ఆసుపత్రి వరండాలో బంధువులు ‘బాక్సులో పెట్టారు’ అని చెప్పుకునే ఇంక్యుబేటర్ నిజానికి చవకగానే పుట్టింది. పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో 1880లో స్తెఫాన్ టార్నియే కోడిగుడ్ల పొదుగు పెట్టెను చూసి, అడుగున వేడినీళ్లు పెట్టే చెక్కపెట్టెను వాడుకలోకి తెచ్చాడు. రెండు కిలోల లోపు బిడ్డల్లో మరణాలు 66 శాతం నుంచి 38 శాతానికి తగ్గాయి. తర్వాత ఫ్యాను, తేమ తొట్టి, చర్మానికి అంటించే ఉష్ణోగ్రత సెన్సారు, అలారం ఒక్కొక్కటే చేరాయి. పెట్టె మెరుగైంది, ధర పెరిగింది, బాగుచేసేవారు దూరమయ్యారు. అమెరికాలో మార్టిన్ కూనీ 1903 నుంచి 1943 వరకు కోనీ ఐలాండ్ వినోదశాలలో ఇలాంటి బిడ్డలను టికెట్టు పెట్టి చూపించి, ఆ డబ్బుతోనే వారిని సాకాడు. ప్రాణం నిలపడానికి ఆసుపత్రి పెట్టని ఖర్చును సంత పెట్టిందన్నమాట.

చవక ఇంక్యుబేటర్ల ప్రయత్నాల్లో రెండు బాగా పాఠం చెప్పేవి. బోస్టన్ ప్రాంతంలోని డిజైన్ దట్ మేటర్స్ సంస్థ కారు విడిభాగాలతో ‘నియోనర్చర్’ రూపొందించింది. హెడ్‌లైట్లు వేడినిస్తాయి, కారు బ్యాటరీ కరెంటు పోయినప్పుడు ఆదుకుంటుంది. కారు బాగుచేసే మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉంటాడన్నది ఆ ఆలోచన. 2010లో పత్రికలు ఎంతో పొగిడాయి, కానీ అది ఉత్పత్తి దశకు చేరలేదు. ఆసుపత్రులకు పరికరాలు కొనేది ఎవరు, తయారు చేసేది ఎవరు అన్నది ముందే తేలకపోతే మంచి నమూనా కూడా బల్ల మీదే ఉండిపోతుంది. రెండోది 2007లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల తరగతిలో మొదలై బెంగళూరు చేరిన ‘ఎంబ్రేస్’. అది బిడ్డను చుట్టి పడుకోబెట్టే సంచి. అందులో మైనం లాంటి పదార్థపు పొర ఉంటుంది. కరిగించి పెడితే, మళ్లీ గట్టిపడుతూ సుమారు 37 డిగ్రీల దగ్గర గంటల తరబడి నిలకడగా వేడి వదులుతుంది. అంతసేపూ కరెంటు అక్కర్లేదు.

అన్నిటికంటే చవకైన పరిష్కారం యంత్రమే కాదు. కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఉన్నవాటిలో బిడ్డలను కలిపి పడుకోబెడితే ఇన్ఫెక్షన్లు పెరగడంతో, 1978లో డాక్టర్ ఎడ్గర్ రే బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి మొదలుపెట్టాడు. అదే కంగారూ సంరక్షణ. చాలాకాలం దాన్ని పేదల ఇంక్యుబేటర్‌గా చిన్నచూపు చూశారు. భారత్‌తో సహా అయిదు దేశాల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల మీద జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, బిడ్డ నిలదొక్కుకునే దాకా ఆగకుండా పుట్టగానే ఈ పద్ధతి మొదలుపెడితే 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతానికి బదులు 12 శాతమయ్యాయి. అయితే ఇది యంత్రాన్ని తోసిపుచ్చదు. తల్లికి ఆపరేషనై స్పృహ లేనప్పుడు, బిడ్డను దూరం తరలించవలసినప్పుడు, ఊపిరికే సాయం కావలసినప్పుడు బిడ్డకు వేడినిచ్చే యంత్రం, అంటే వార్మర్, ఉండాలి. చర్మస్పర్శకు తల్లి మంచం కూడా నవజాత శిశు విభాగంలోనే ఉండాలి. అప్పుడు డిజైన్ చేయవలసింది పెట్టెను కాదు, గదిని.

ప్రసవ గదినీ దాన్ని నడిపే ఖర్చునూ కలిపి చూడటం కాకతీయుల ఏలుబడికి కొత్త కాదు. ఓరుగల్లును రుద్రమదేవి ఏలుతున్న 1261 నాటి మల్కాపురం శాసనంలో రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుడు తనకు దానంగా వచ్చిన గ్రామాల ఆదాయంలోంచి ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ వాటా కేటాయించాడు. కట్టడాన్ని దానం చేసి చేతులు దులుపుకోకుండా, అది ఏటా నడవడానికి పంటను రాసి ఇచ్చాడు. కాకతీయుల చెరువులకూ అదే నీతి. కట్ట వేసినవాడి పేరు శాసనంలో ఉంటుంది, తూము కాసేది నీరటికాడు. పేద దేశాల ఆసుపత్రుల్లో పరికరాల్లో సుమారు 40 శాతం పనిచేయకుండా పడి ఉన్నాయని ఒక అంచనా. దాతపేరు చెక్కిన ఇంక్యుబేటర్ ఒక సెన్సారు దొరక్క మూలన పడితే దాని అసలు ధర అనంతం. చవక అన్నది కొన్న రోజు రసీదులో తేలదు. కరెంటు హెచ్చుతగ్గులను తట్టుకుందా, విడిభాగం హైదరాబాదులో దొరుకుతుందా, రాత్రి డ్యూటీ నర్సుకు వాడకం వచ్చా అన్నవాటిలో తేలుతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతాల నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే బిడ్డ దారిలోనే చల్లబడితే అక్కడి వార్మర్ ఆలస్యమైనట్టే. కాకతీయ వైద్య కళాశాల, ఇప్పుడు ఎన్‌ఐటీగా ఉన్న ఇంజనీరింగ్ కళాశాల రెండూ ఈ ఊళ్లో 1959లోనే మొదలయ్యాయి. జబ్బు తెలిసినవారు, యంత్రం తెలిసినవారు ఒకే ఊళ్లో ఉండటం చాలా జిల్లాలకు లేని సౌకర్యం.

చివరిగా మిగిలేది ఎంపిక ప్రశ్న. వార్మర్ ఒకటే ఉండి బిడ్డలు ఇద్దరున్నప్పుడు ఎవరిని పెట్టాలి? బరువు చూడాలా, బతికే అవకాశం చూడాలా, ముందు వచ్చినవారినా? ధర్మశాస్త్రాలు దీనికి సూత్రం ఇవ్వలేవు, వైద్యనీతి ఇచ్చే సూత్రమూ ఆ డాక్టరు మనసును కుదుటపరచదు. అయితే ఈ సంకటం ప్రకృతి తెచ్చింది కాదు. రెండో వార్మర్ కొనని రోజున, కొన్నదాన్ని బాగుచేయించని రోజున ఎవరో తీసుకున్న నిర్ణయం ఇప్పుడు ఆ డాక్టరు ముందు విధి వేషంలో నిలబడింది. చరకుడి మాటలో చెప్పాలంటే అది కందెన లేని ఇరుసు.

‘రాసిపెట్టి ఉంది’ అన్న మాట బిడ్డను పోగొట్టుకున్న తల్లి నోట ఓదార్పు, ఆ ఓదార్పును ఎవరూ ఆమె నుంచి లాక్కోనక్కర్లేదు. అదే మాట ఆసుపత్రికి డబ్బు కేటాయించేవారి నోట వస్తే మాత్రం తప్పించుకోవడమే. వెచ్చదనం అందిన తర్వాత కూడా పోయిన ప్రాణం దైవాధీనం. అందక పోయిన ప్రాణానికి లెక్క మనుషులే చెప్పాలి.