అచేతనానికి ప్రయోజనం ఉంటుందా?

తెలివిలేని పదార్థం తనంతట తానే ఒక ప్రయోజనం కోసం పనిచేయగలదా అన్నది సాంఖ్యులకూ వేదాంతులకూ మధ్య పాత వాదం. దూడ పెరగడానికి అచేతనమైన పాలు స్రవించినట్టే ప్రకృతి పురుషుని (ఆత్మ) మోక్షం కోసం ప్రవర్తిస్తుందని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో చెప్పాడు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని ఒప్పుకోలేదు. ఆవు చేతనం, దూడ మీద దానికున్న వాత్సల్యమే పాలను చేపిస్తుంది, కాబట్టి ఆ ఉదాహరణ సాంఖ్యులకు అక్కరకు రాదన్నారు.

వాత్సల్యానికి చోటే లేని ఉదాహరణ డిక్టియోస్టీలియం డిస్కాయిడియం అనే సామాజిక అమీబాలో దొరుకుతుంది. ప్రొటీన్ల తయారీకి కావలసిన ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలలో దాని మైటోకాండ్రియా జన్యువుల నుంచి వచ్చే కొన్నిటికి 5 ప్రైమ్ కొసన ఎదుటి పోగుతో జత కుదరని న్యూక్లియోటైడ్లు ఉంటాయి. వాటిని తీసేశాక టీఎల్‌పీ3 అనే ఎంజైమ్ ఎదుటి పోగును ఆధారం చేసుకుని సరిపోయేవాటిని చేరుస్తుంది. మామూలు డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజులు 5 ప్రైమ్ నుంచి 3 ప్రైమ్ వైపు సాగుతాయి. ఇది అందుకు సరిగ్గా ఎదురుదిశలో సాగుతుంది. టీఎల్‌పీ3 కుటుంబంలోనివే మరో రెండు ఎంజైములు హిస్టిడిన్‌ను మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు ఒక అదనపు గ్వానిన్‌ను తగిలిస్తాయి. వాటిలో ఒకటి మైటోకాండ్రియాలో, రెండోది దాని బయట పనిచేస్తుంది. నాలుగోదైన టీఎల్‌పీ4 తగ్గితే అమీబా పెరుగుదల దెబ్బతింటుంది.

ఇంతకీ జత కుదరకపోవడం ఎవరికి తప్పు? రసాయనశాస్త్రానికి కాదు. సవరించని ఆర్‌ఎన్‌ఏ కూడా ఏ నియమాన్నీ మీరని అణువే. ప్రొటీన్లు తయారుచేసుకుంటేనే బతికే కణానికి మాత్రమే అది తప్పు. ఎంజైముకు ఏ ఉద్దేశమూ లేదు. పనికొచ్చిన మార్పులు తరతరాలుగా నిలిచి, పనికిరానివి రాలిపోవడమే దాని పనితీరుకు కారణం. తెలివి లేకుండానే ప్రయోజనకరమైన ప్రవృత్తి సాధ్యమన్న సాంఖ్యుల మాట ఇంతవరకు నిలుస్తుంది. అయినా శంకరుల అభ్యంతరంలో బలమైన భాగం ఒకటి మిగిలే ఉంది: ప్రయోజనం అన్నాక అది ఎవరిదో ఒకరిది కావాలి.

ఆ ‘ఎవరు’ అన్నది ఈ అమీబాలో స్థిరంగా ఉండదు. బాక్టీరియా దొరికినంతకాలం ప్రతి కణమూ విడిగా తిని, విడిగా విభజన చెందుతుంది. తిండి కరువైతే వేల కణాలు, ఒక్కోసారి లక్ష దాకా, ఒకచోట చేరి ఒకే దేహంగా కదులుతాయి. చివరికి వాటిలో దాదాపు ఐదోవంతు కాడగా మారి చనిపోతాయి, మిగిలినవి ఆ కాడ పైన బీజాలవుతాయి. కాడలో చేరిన కణానికి అంతవరకూ జరిగిన సవరణల ఫలం దానికే దక్కదు, పైనున్న బీజాలకు, చాలాసార్లు దాని దగ్గరి బంధువులకు, చేరుతుంది. అందువల్ల ఇక్కడ ప్రయోజనానికి యజమాని అణువు కాదు, అన్నివేళలా ఒక్క కణమూ కాదు.