ఎరకు పోయు ఊపిరి

బసవేశ్వరుని బోధలో దయకు అగ్రస్థానము గలదు. ప్రాణికోటిని నొప్పింపరాదని శరణులు ఎల్లరును చెప్పుచు వచ్చిరి. అయినను దయను పైకి కనిపించు పనిని బట్టి నిర్ణయింపవలెనా, ఆ పని వెనుకనున్న ఉద్దేశమును బట్టి నిర్ణయింపవలెనా యను ప్రశ్న యొకటి మిగిలియున్నది. ఒక జీవికి ఊపిరి యందించి, ఎండ తగులకుండ నీడనిచ్చి, గాయపడకుండ కాపాడినవానిని దయగలవాడని అనవచ్చునా? ఔననియే తోచును. కాని ఆ జీవి గాలమునకు గ్రుచ్చబోవు ఎరచేప యని తెలిసినప్పుడు ఆ మాట నోట రాదు. ఎందుకు రాదో విచారింపదగియున్నది.

గాలమునకు వానపామును గ్రుచ్చుట అందరెరిగినదే. కాని వేటాడి తిను పెద్ద చేపలు కదలాడు ఎరపైకి త్వరగా వచ్చును. తెలుగునాట కొరమీను కొరకు చిన్న చేపనో కప్పనో ప్రాణముతోనే గాలమునకు గ్రుచ్చు అలవాటు గలదు. అమెరికాలో వినోదమునకై గాలము వేయువారు చిన్న చేపలను దుకాణములలో కొని, నీరు నింపిన పెట్టెలలో వెంట తీసికొనిపోవుదురు. బ్యాటరీతో నడచు చిన్న పంపు ఆ నీటిలోనికి గాలిబుడగలను పంపుచుండును. గోదావరి, కృష్ణా ప్రాంతముల రొయ్యల చెరువులలో ఏరియేటర్లు చేయు పనినే ఇది చిన్న కొలతలో చేయును.

ఈ కాపుదలలోని శ్రద్ధ ఆశ్చర్యము గొలుపును. నీరు వేడెక్కినకొలది దానిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగియుండగలదు; 30 డిగ్రీల వద్ద అది 7.5 మిల్లీగ్రాములకు తగ్గును. అందుచే వేటగాడు పెట్టెను నీడలో నుంచును. నీరు వేడెక్కినచో మెల్లమెల్లగా చల్లబరచును, ఏలయన ఒక్కసారిగా వచ్చు మార్పునకు చేప తాళజాలదు. కొళాయినీటిలోని క్లోరినును తొలగించిన పిమ్మటనే చేపలను విడుచును. మూలలలో క్రిక్కిరిసి నలిగిపోకుండ గుండ్రని తొట్టిని ఎన్నుకొనును. చేపల విసర్జనము నుండి పుట్టు అమ్మోనియా పేరుకొనకుండ నీటిని మార్చును. ఒంటిపై నున్న జిగురుపొర చెడకుండ పొడిచేతితో ముట్టడు. బాలింతకైనను ఇంత ఉపచారము జరుగునో లేదో! ఇంత చేసి, చివరకు ఆ చేపకు మూతిలోనో వీపులోనో గాలము గ్రుచ్చి నీటిలో విడుచును.

వేటగానికి కావలసినది చేప క్షేమము కాదు, దాని గిలగిల. నీరసించిన చేప గాలమునకు వ్రేలాడుచు ఊరకుండును. పెద్ద చేప దానిని చూడదు. బలముగల చేప తప్పించుకొనుటకు ఎంతసేపైనను పెనగులాడును. ఆ పెనగులాటయే పెద్ద చేపను పిలుచును. కావున దానికి ఊపిరి పోయుట దాని వేదనను నిలువజేయుటకే. బలికి తెచ్చిన గొఱ్ఱె, పండుగకు కట్టిన తోరణపు చిగుళ్లను మేయుటను గూర్చి బసవేశ్వరుని వచనమొకటి గలదు. ఆ గొఱ్ఱెకు చిగుళ్లు యాదృచ్ఛికముగా దొరకినవి. ఎరచేపకు గాలి బుద్ధిపూర్వకముగా అందింపబడుచున్నది. భేదమంతయు ఇక్కడనే యున్నది.

దీనికి పూర్వపక్షము గలదు. గాలి లేని బిందెలో ఉక్కిరిబిక్కిరియై చచ్చుటకంటె ఇది మేలు కదా యని కొందరందురు. అది నిజమే, బాధ తగ్గినంతవరకు తగ్గినట్లే. అసలు చేపకు నొప్పి తెలియదని మరికొందరందురు. 2003లో బ్రిటనులో లిన్ స్నెడ్డన్ మొదలగు శాస్త్రజ్ఞులు రెయిన్‌బో ట్రౌట్ అను చేప తలభాగమున గాయమును గుర్తించు నాడీగ్రాహకములను కనుగొనిరి. దానిని మనుష్యుని నొప్పితో సమానముగా నెంచవచ్చునా యని పండితులలో వాదము నడచుచున్నది. అయినను సందేహమున్నచోట హింసకు కాక, జాలికి చోటిచ్చుటయే ధర్మము. స్కాట్లాండులో 2007 నాటి చట్టము వెన్నెముకగల జీవిని ప్రాణముతో ఎరగా వాడుటను నిషేధించినది.

జీవనోపాధి కొరకు వేటాడువారి సంగతి వేరుగా చూడవలెను. లక్షద్వీపములలోని మినికాయ్ దీవివారు కడ్డీగాలముతో ట్యూనా చేపలను పట్టుదురు. వారు తీరపు లోతుతక్కువ నీటిలో చిన్న చేపలను వలతో పట్టి, పడవ అడుగున రంధ్రములు గల తొట్టిలో నుంచుదురు. పడవ సాగుచుండగా సముద్రజలము ఆ తొట్టిలో ప్రవహించుచుండును. ట్యూనా గుంపు కనిపించినప్పుడు ఆ చిన్న చేపలను నీటిలోనికి చల్లి గుంపును రప్పింతురు. దీవిలో బ్రతుకుతెరువైన పనిని ఒడ్డున కూర్చున్నవారు నిందించుట తగదు. పడవ నడపిన అంబిగర చౌడయ్య శరణులలో నొకడు. వృత్తిని బట్టి మనిషిని నీచునిగా చూచుట శివాచారము కాదు. వినోదమునకై చేయు హింసకు మాత్రము ఈ సమాధానము చెల్లదు.

సాయంత్రము వేట ముగిసినప్పుడు పెట్టెలో మిగిలిన చేపల గతి యేమి? పంపు ఆగిపోవును. వానిని ఒడ్డున పారబోయుదురు, లేదా దగ్గరనున్న చెరువులో వదలుదురు. కాని పరాయినీటి చేపలను అట్లు వదలినచో వానితో కొత్త రోగములు, కొత్త జాతులు ఆ చెరువులో ప్రవేశించి అక్కడి జీవులకు చేటు తెచ్చును. అందుచే వదలవలదని తెలిసినవారు హెచ్చరించుచున్నారు. మొదట అక్కరకు మించి పట్టినవానికి చివర దయ చూపుటకైనను దారి యుండదు.

రైతు ఎద్దును మేపుటయు స్వార్థమే కదా యని ఎవరైన అడుగవచ్చును. పని కొరకు మేపుటలో దోషము లేదు. ఎద్దు రైతుతో పాటు కాయకమున పాలుపంచుకొనును. దాని సుఖము రైతు కోరునదే. అయినను ఆ రైతునకు పరీక్ష లేకపోలేదు. ఎద్దు ముసలిదై కాడి మోయలేని దినమున గాటిలో గడ్డి పడునా? పడినచో అంతవరకు మేపినది దయతో కూడినదే. పడనిచో గాలిపంపునకును ఆ గడ్డికిని భేదము లేదు.

మాంసమును ముట్టని లింగాయత కుటుంబములు ఇదంతయు ఇతరుల దోషమని తలచి ఊరడిల్లరాదు. చేప లేని యింటను ఎర యుండవచ్చును. ఇల్లు తన పేర రిజిస్ట్రీ యగువరకు తల్లికి వేళకు పాలు, మందులు అందించి, మరునాటి నుండి ఆమె దగ్గు విసుగు పుట్టించుచున్నదను కుమారుడు చేసినదేమి? పక్కవాని పొలము చేతికి వచ్చువరకు వడ్డీ అడుగక ఆదరించినవాడు చేసినదేమి? పేరు చెక్కిన రాతిపలక కొరకు మఠములో అన్నము పెట్టినవాడు దాసోహము చేసినట్లగునా? ఆకలి తీరినది, అది మంచిదే. కాని పెట్టినవాడు దాసుడు కాలేదు. నేను పెట్టితినను తలపు నశించినచోటనే దాసోహము.

పురాతనులలో అతిపత్త నాయనారు నాగపట్టణపు జాలరి. వలలో పడిన చేపలలో శ్రేష్ఠమైన దానిని శివునిదని ప్రతిదినము సముద్రమున విడుచుచుండెడివాడు. పేదరికము వచ్చి, వలలో ఒకే చేప పడిన దినములలోను దానినే విడిచెను. తుదకు రత్నములు పొదిగిన బంగారు చేప దొరకగా దానినిగూడ విడిచెను. ఎరచేపను విడుచువాడు పెద్ద చేప కొరకు చూచును. అతిపత్తుడు విడిచిన చేప వెంట ఏ దారమును లేదు.

ఇంటిలో ముసలివారికి, పనివారికి, పశువులకు సేవ చేయు భక్తుడు తన చేతి నుండి ఆ దారమేదైనను వ్రేలాడుచున్నదా యని చూచుకొనవలెను. ఉన్నచో సేవను మానవలదు. దారమును త్రెంచిన చాలును.